బెల్ నగర వేతనాల కుంభకోణం

బెల్ నగర వేతనాల కుంభకోణం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజెలెస్ కౌంటీకి చెందిన బెల్ అనే చిన్న నగరంలో 2010లో వెలుగులోకి వచ్చిన అవినీతి ఉదంతం. నగర పాలకులు ప్రజాధనం నుండి తమకు భారీ వేతనాలు నిర్ణయించుకొన్నారు. ఈ విషయాన్ని పత్రిక బయటపెట్టగా, నగరవాసులు సంఘటితులై పాలకవర్గాన్ని మార్చివేశారు.

నేపథ్యం

బెల్ నగరం లాస్ ఏంజెలెస్ నగరానికి ఆగ్నేయంగా ఉన్నది. వైశాల్యం సుమారు 6.5 చదరపు కిలోమీటర్లు. 2010 జనగణన ప్రకారం జనాభా 35,477. వీరిలో అత్యధికులు లాటినో ప్రజలు, శ్రామిక కుటుంబాలకు చెందినవారు. వలస వచ్చినవారిలో పలువురికి పౌరసత్వం లేనందున ఓటు హక్కు లేదు.

నగరానికి ఐదుగురు సభ్యుల మండలి కలదు. రోజువారీ పరిపాలన మండలి నియమించే ప్రధాన పరిపాలనాధికారి చేతిలో ఉంటుంది. తెలుగు రాష్ట్రాలలో పురపాలక కమిషనరును రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. బెల్ నగరంలో మాత్రం ఈ అధికారిని నియమించేది, వేతనం నిర్ణయించేది మండలియే. రాబర్ట్ రిజో 1993లో 72,000 డాలర్ల వార్షిక వేతనంతో ఈ పదవిలో చేరాడు.

2005 ఎన్నిక

కాలిఫోర్నియాలో సాధారణ చట్టం క్రింద నడిచే నగరాలలో మండలి సభ్యుల వేతనాలపై రాష్ట్రం 2005లో పరిమితి విధించింది. సొంత నియమావళి గల 'చార్టర్' నగరాలకు ఇది వర్తించదు. అదే సంవత్సరం నవంబరు 29న బెల్ నగరాన్ని చార్టర్ నగరంగా మార్చుటకు ప్రత్యేక ఎన్నిక జరిగినది. పోలైన ఓట్లు 400 కంటే తక్కువ. వాటిలోనూ సగానికి పైగా పోస్టల్ ఓట్లు. ప్రతిపాదన నెగ్గడంతో వేతనాలపై రాష్ట్ర పరిమితి తొలగిపోయినది.

మండలి సభ్యులు నగరానికి చెందిన పలు ఉపసంస్థలలోనూ సభ్యులు. చెత్త సేకరణ, మిగులు ఆస్తుల వంటి వ్యవహారాలకు ఏర్పరచిన ఈ సంస్థలు అరుదుగా, కొద్ది నిమిషాలపాటు మాత్రమే సమావేశమయ్యేవి. అయినను సభ్యులు వీటి పేరిట వేతనం పొందేవారు. 2008లో ఒక పౌరుడు వేతనాల వివరాలు కోరగా, వాస్తవం కంటే చాలా తక్కువ అంకెలు గల పత్రం ఇచ్చారు.

బయటపడిన విధానం

లాస్ ఏంజెలెస్ టైమ్స్ విలేఖరులు జెఫ్ గాట్లీబ్, రూబెన్ వీవెస్ పొరుగు నగరమైన మేవుడ్ వ్యవహారాలను పరిశీలిస్తూ బెల్ వేతనాల సంగతి తెలుసుకొన్నారు. 2010 జూలైలో ప్రచురితమైన కథనాల ప్రకారం వార్షిక వేతనాలు ఇవి:

* రాబర్ట్ రిజో: 7,87,637 డాలర్లు
* పోలీసు అధిపతి: 4,57,000 డాలర్లు
* సహాయ పరిపాలనాధికారిణి ఏంజెలా స్పాచియా: 3,76,288 డాలర్లు
* మండలి సభ్యులలో నలుగురు: ఒక్కొక్కరికి లక్షకు కొంచెం తక్కువ

అప్పటి అమెరికా అధ్యక్షుని వేతనం 4,00,000 డాలర్లు. మండలి ఐదవ సభ్యునికి ముట్టినది ఏడాదికి సుమారు 8,000 డాలర్లు మాత్రమే.

పౌరుల స్పందన

కథనాలు వెలువడిన కొద్ది రోజులకే వందలాది ప్రజలు మండలి సమావేశాలకు తరలివచ్చారు. ముగ్గురు ఉన్నతాధికారులు రాజీనామా చేశారు. నగరవాసులు 'బాస్తా' అనే సంఘాన్ని ఏర్పరచుకొన్నారు. స్పానిష్ భాషలో ఈ పదానికి 'ఇక చాలు' అని అర్థం. వారు సంతకాలు సేకరించి, పదవీకాలం ముగియకముందే సభ్యులను తొలగించే 'రీకాల్' ఎన్నికను సాధించారు. 2011 మార్చి 8న జరిగిన ఎన్నికలో ఓటర్లు భారీ ఆధిక్యంతో పాత సభ్యులను తొలగించి, కొత్త మండలిని ఎన్నుకొన్నారు.

న్యాయ విచారణ

2010 సెప్టెంబరులో రిజో, స్పాచియాలతో సహా ఎనిమిది మంది అరెస్టయ్యారు. 2013లో ఐదుగురు మాజీ మండలి సభ్యులను న్యాయస్థానం కొన్ని అభియోగాలలో దోషులుగా, ఒకరిని నిర్దోషిగా తేల్చినది. 2014 ఏప్రిల్‌లో రిజోకు 12 సంవత్సరాలు, స్పాచియాకు 11 సంవత్సరాల 8 నెలల కారాగార శిక్ష పడినది.

ప్రభావం

ఈ పరిశోధనకు లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రికకు 2011లో ప్రజాసేవా విభాగంలో పులిట్జర్ బహుమతి లభించినది. కాలిఫోర్నియా స్టేట్ కంట్రోలర్ కార్యాలయం నగరాలు, కౌంటీల ఉద్యోగుల వేతనాలను 2010 నుండి అంతర్జాలంలో ప్రకటించసాగినది. చార్టర్ హోదాకు ఓటర్లే ఆమోదం తెలిపినను, ఆ ఓటర్లు నగర జనాభాలో నూటికి ఇద్దరు కూడా లేరు. తక్కువ పోలింగ్, అందుబాటులో లేని లెక్కలు, పత్రికల గమనింపు లేకపోవడం కలిసినప్పుడు ఎన్నికైన ప్రభుత్వమైనను జవాబుదారీతనం కోల్పోవచ్చునని ఈ ఉదంతం తెలుపుతున్నది.