అద్దె ర్యాక్‌లో సర్వర్లు పెడుతున్నారా? స్విచ్, ఫైర్‌వాల్ కొనేముందు ఇవి చూడండి!

డేటా సెంటర్‌లో ర్యాక్ అద్దెకు తీసుకుని సొంత సర్వర్లు పెడుతున్నారా? అయితే నెట్‌వర్క్ పరికరాల విషయంలో తొందరపడొద్దు. అక్కడ ఏదైనా హ్యాంగ్ అయితే ఆఫ్ చేసి ఆన్ చేయడానికి మీరు పక్కనే ఉండరు మరి!

లైన్: ఇంటర్నెట్ కాపర్‌లో ఇస్తారా, ఫైబర్‌లోనా? ముందే అడగండి. పోర్టులు దాన్నిబట్టే.

చోటు: ఫుల్ ర్యాక్ సాధారణంగా 42యూ. 1యూ అంటే 1.75 అంగుళాలు. అద్దె యూ లెక్కన అయితే చిన్న పరికరాలే మేలు.

ఫైర్‌వాల్: బాక్స్ మీది స్పీడ్ నమ్మొద్దు. వీపీఎన్, స్కానింగ్ ఆన్ చేస్తే తగ్గిపోతుంది.

కరెంట్: రెండు పవర్ సప్లైలు ఉంటే వేర్వేరు లైన్లకు కలపండి.

మేనేజ్‌మెంట్ పోర్ట్: సర్వర్ ఆగినా దూరం నుంచి ఆన్ చేసేది దీంతోనే. నేరుగా ఇంటర్నెట్‌కు వదిలితే హ్యాకర్లకు తలుపు తీసినట్టే.. వీపీఎన్ వెనకే ఉంచండి. ఫైర్‌వాల్ పోతే ఆ దారీ బంద్! అందుకే సెట్టింగ్స్ చేసిన రెండో ఫైర్‌వాల్ ర్యాక్‌లోనే రెడీగా ఉండాలి.