ఫ్రాన్సు దేశమున స్త్రీపురుష సమప్రాతినిధ్య శాసనములు

మానవహక్కుల ప్రకటనను 1789లో వెలువరించిన ఫ్రాన్సు, తన స్త్రీలకు ఓటుహక్కు నొసగుటకు 155 ఏండ్లు జాగుచేసినది. ఆ ప్రకటన పురుషులకే పరిమితమైనదని గుర్తించి 1791లో స్త్రీహక్కుల ప్రకటనను రచించిన ఒలింప్ ద గూజ్, 1793లో మరణశిక్షకు గురియైనది. తుదకు 1944 ఏప్రిల్ 21వ తేది ఉత్తరువుచే స్త్రీలకు ఓటు వేయుటకును, పోటీచేయుటకును హక్కు కలిగినది. అయినను ఓటు వెంట పదవి రాలేదు. 1997లో జాతీయసభయందలి 577 స్థానములలో స్త్రీలకు దక్కినవి 63 మాత్రమే. ఈ యంతరమును తొలగించుటకు శాసనము లెంతవరకు తోడ్పడినవో విచారింతము.

తొలియత్నము 1982లో జరిగెను. పురపాలక ఎన్నికల జాబితాలలో ఒకే లింగమువారు నూటికి 75కు మించరాదని పార్లమెంటు నిర్ణయింపగా, రాజ్యాంగమండలి నవంబరు 18న దానిని కొట్టివేసినది. అభ్యర్థులను వర్గములుగా విభజించుట పౌరసమానత్వమునకు విరుద్ధమని దాని వాదము. స్త్రీలను చిరకాలము వెలిగానుంచిన కాలమున వారి కక్కరకురాని సమానత్వసూత్రము, వారి ప్రవేశమునకు మాత్రము అడ్డమయ్యెను. అందుచే 1999 జూలై 8న రాజ్యాంగమునే సవరింపవలసివచ్చినది.

పిదప వచ్చిన 2000 జూన్ 6వ తేది శాసనము రెండు మార్గముల నవలంబించినది. 3,500 జనసంఖ్యగల పట్టణములందును, అంతకు పెద్దవానియందును, స్త్రీపురుషులు సమసంఖ్యలో లేని జాబితాను స్వీకరింపనే రాదు. జాతీయసభ ఎన్నికలలోనన్ననో, నియమము తప్పిన పక్షమునకు ప్రభుత్వ మిచ్చు ధనములో కోత మాత్రమే. ఫలితములు విస్పష్టములు. ఆ పట్టణసభలలో 1995 ఎన్నికలయందు నూటికి 25.7గా నున్న స్త్రీసభ్యుల సంఖ్య 2001లో 47.5కు పెరిగినది. జాతీయసభలోనో, 2002 ఎన్నికలతో 63 కేవలము 71 అయినది. పెద్దపక్షములు కోతను భరించినవే కాని, గెలుపు నిశ్చయమైన స్థానములను పురుషసభ్యులనుండి తప్పింపలేదు. ఆ కోతను 2014లో హెచ్చించినను, 2024లో ఎన్నికైన స్త్రీలు 208 మందియే.

2013 శాసనము జిల్లామండలులకు ప్రతి నియోజకవర్గమున ఒక స్త్రీయు, ఒక పురుషుడును జంటగా నిలువవలెనని విధించెను. అంతకుముందు నూటికి 14 మందియైనను లేని స్త్రీలు 2015లో సభ్యులలో సగమైరి. కాని యా నియమము వర్తింపని అధ్యక్షపదవులు అత్యధికముగ పురుషులకే చెందినవి.

దీనినిబట్టి తేలునది యిది: నియమోల్లంఘనకు వెల కట్టినచోట పక్షములు ఆ వెల చెల్లించినవి, ఉల్లంఘనకే తావీయనిచోట ఒక్క ఎన్నికతోనే సభల స్వరూపము మారినది. సభ్యత్వమువరకు వచ్చిన సమానత్వము అధికారపీఠమునకు చేరుటకు శాసనము అచటికిని చేరవలెను.