ట్రంకు పెట్టెలో పాలమూరు పాట

స్వర్ణోత్సవ సంచికకు పాత ఫొటోలుంటే పంపమని మన సంఘం మిత్రులు ఫోన్ చేస్తే, ఊరికి పోయి అటక మీది ట్రంకు పెట్టె దింపాను. పదో తరగతి గ్రూప్ ఫొటో సగం చెదలు తినేసింది. అందులో నేను లేని సగమే మిగిలింది. దాని కింద ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పదకొండు క్యాసెట్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. రెండు మూడు కొన్నవి, మిగతావి ఖాళీ క్యాసెట్ల మీద మేమే ఎక్కించుకున్నవి. అట్టల మీద నా వంకర రాత: ‘మాభూమి’, ‘గద్దర్’, ‘గోరటి - 2’.

1997 బ్యాచ్ వాళ్లకు ఈ పేర్లు కొత్తగా చెప్పక్కర్లేదు. తర్వాతి వాళ్ల కోసం కొంచెం వెనక్కి పోతాను. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, ఆ అలవాటు పోదు.

నల్లగొండ గడ్డ మీద పాట అంటే మొదట తలచుకోవలసింది సుద్దాల హనుమంతును. సాయుధ పోరాట కాలంలో ఆయన పాటలు, గొల్లసుద్దులు, బుర్రకథలు ఒక నోటి నుంచి మరో నోటికి ఊళ్లు దాటాయి. అప్పుడు క్యాసెట్ లేదు, మైకూ లేదు. ఆ పాటల్లో ఒకటి 1979లో గౌతమ్ ఘోష్ తీసిన ‘మాభూమి’తో తెర మీదికి వచ్చింది. అదే సినిమాలో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ పాడాడు. తర్వాతి కాలంలో టేప్‌రికార్డర్ ఊళ్లకు చేరింది. చదువురాని ఇంట్లోకి పుస్తకం పోలేదు గాని పాట పోయింది. మన వైపు ఎన్ని ఇళ్లల్లో ఆ క్యాసెట్లను బియ్యం డబ్బాలో దాచుకున్నారో అప్పటి వాళ్లకు తెలుసు.

గోరటి వెంకన్న సంగతి మాకు వేరు. ఆయన మన జిల్లా మనిషి. ఊరు గౌరారం, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. తండ్రి యక్షగాన కళాకారుడు. గద్దర్ గొంతు వింటే పిడికిలి బిగిసేది. వెంకన్న పాడితే ఊరు కనబడేది. వాగు, చెట్టు, పిట్ట, పొద్దుగూకి ఇంటికి మళ్లే గొడ్లు. ఎండిపోయిన వాగు మీద ఆయన కట్టిన పాట విన్న రోజు, మా ఊరి వాగును నేను మొదటిసారి సరిగ్గా చూశాను. అప్పటిదాకా అది బడికి పోయే అడ్డదారి మాత్రమే. ‘పాలమూరు లేబర్’ అని దేశమంతా పిలిచిన కూలీల పిల్లలం మనం. అమ్మానాన్నల వెంట వలసపోయిన దోస్తుల వల్ల సగం ఖాళీ అయిన బెంచీలు మీకూ గుర్తుండే ఉంటాయి.

‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట 2002లో ‘కుబుసం’ సినిమాలో వందేమాతరం శ్రీనివాస్ గొంతులో రాష్ట్రమంతా మోగింది. నా దగ్గరున్నది సినిమా పాట కాదు. ఎక్కడో సభలో వెంకన్న పాడుతుంటే ఎవరో పట్టిన టేపు. ఒక దోస్తు తెస్తే, రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి మా ఇంటి వసారాలో ఎక్కించుకున్నాను. ఆ పాటలో కుమ్మరి వామి, సాలె మగ్గంతో పాటు కమ్మరి కొలిమి కూడా ఉంది.

మాది కమ్మరి ఇల్లు. నాయన కర్రులు సాగగొట్టి, కొడవళ్లకు కక్కు పెట్టి ఇస్తే పంట మీద రైతులు గింజలు కొలిచేవాళ్లు. ట్రాక్టర్లు వచ్చాక కర్రులు తగ్గాయి. కొడవళ్లు అంగట్లో దొరకసాగాయి. రోడ్డు మీద వెల్డింగ్ షాపు పడింది. 2006లో కొలిమి ఆరిపోయింది. నాయన 2011లో పోయాడు.

క్యాసెట్ దొరికిన వారం తర్వాత, రేడియోలు బాగుచేసే మన బ్యాచ్ మిత్రుడి దగ్గరికి పోయాను. అతను పెన్సిల్‌తో రీలు బిగించి, ఊడిన స్పాంజి అతికించి, మూల పడి ఉన్న ఒక సెట్‌లో పెట్టాడు. మొదట గరగర. తర్వాత దప్పు చప్పుడు, వెంకన్న గొంతు. ఇరవై ఏళ్ల కింది ఆ వయసు గొంతు ఎక్కడా తడబడలేదు. సరిగ్గా కొలిమి మాట వచ్చిన చోట, పాట మీది నుంచి మా నాయన మాట వినబడింది. వసారాలో రికార్డు చేసినప్పుడు మైకు దాన్ని కూడా పట్టుకున్నట్టుంది.

“మన కొలిమి ఇంకా ఆరలేదని చెప్పురా ఆయనకు.”

తర్వాత దగ్గు. దాని వెనక నా నవ్వు.

ఆ నవ్వు వినడం కష్టమైంది. అప్పటికే నేను హైదరాబాద్‌లో గది చూసుకున్నాను. పల్లె ఏడుస్తోందన్న పాటకు గుండెలు బాదుకున్న మా దోస్తులమంతా పల్లె విడిచే తొందరలోనే ఉన్నాం. పనిలో ఉన్న మనిషి మాత్రం ఆ పాటతో వాదించాడు.

ఇంకొక మాట కూడా చరిత్ర మాస్టరుగా చెప్పాలి. పాత పల్లెను తలచుకుని ఏడ్చే పాటను ఒంటరిగా వింటే పొరబడతాం. పక్కన ‘మాభూమి’ క్యాసెట్ కూడా పెట్టుకోవాలి. గడీలు, వెట్టి ఉన్నది కూడా ఆ పల్లెలోనే. గింజలు కొలిచేటప్పుడు నాయన వంగి నిలబడేవాడు. నాకది ఇష్టముండేది కాదు. నేను సుత్తె పట్టకపోవడానికి అది కూడా ఒక కారణం. రెండు క్యాసెట్లూ నిజమే చెబుతున్నాయి. ఏది ఎంత నిజమో పిల్లలకు ఎట్లా చెప్పాలన్నది నాకింకా తేలలేదు.

వెంకన్న తర్వాత 2020లో శాసనమండలికి వెళ్లారు. ‘వల్లంకి తాళం’కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ వార్త పేపర్లో చూసినప్పుడు కూడా నాకు ఈ క్యాసెట్ గుర్తుకు రాలేదు. గద్దర్ 2023 ఆగస్టు 6న పోయిన రోజు మాత్రం వెతికాను, దొరకలేదు. ఫొటో అడిగిన మన సంఘానికి ఆ బాకీ ఉంది.

మిత్రుడు ఆ టేపును ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఊళ్లో అమ్మకు వినిపించాను. పాట మొదలు కాగానే ఆమె చాట పక్కన పెట్టింది. నాయన మాట రాగానే చెయ్యెత్తి ఆపమంది.

“పాట తర్వాత విందాం గాని, ఆ మాట మళ్లొకసారి పెట్టు.”