రెండు కోటలు – రెండు దేశముల కాగితము

చెన్నపట్టణమునుండి కలకత్తాకు బోవు రహదారిపై నున్న శోళవరము చెఱువునకును, రెండవ ప్రపంచయుద్ధమునాటి విమానపుదారికిని ప్రసిద్ధి వహించినది. కాని వర్తకచరిత్రమును బరిశీలించువారికి ఈ గ్రామముయొక్క ఉనికియందే మఱియొక విశేషము గానవచ్చును. దీనికి దక్షిణమున ఆంగ్లేయులు 1640లో నెలకొల్పిన సెయింట్ జార్జి కోటయు, ఉత్తరమున సముద్రతీరమునందు డచ్చివారు 1613లో గట్టిన పులికాటు గెల్డ్రియా కోటయు గలవు. కరణములు తాటియాకులపై గంటముతో వ్రాయుచున్న ఆ దినములలో, బట్టల బేరమునకై వచ్చిన ఈ ఉభయులును తమ లెక్కలకును లేఖలకును ఐరోపా కాగితమును ఓడలలో దెప్పించుకొనుచుండిరి.

అయితే ఆ కాగితమునందు అధికభాగము తొలుత ఆంగ్లదేశమున గాని, హాలెండున గాని పుట్టినది కాదు. పదునేడవ శతాబ్దమున మేలైన తెల్లకాగితమునకు ఫ్రాన్సు దేశమే పుట్టినిల్లు. ఆంగ్లేయులు దానిని కొని వాడుకొనువారు. డచ్చివారో, ఫ్రాన్సులోని అంగూలేము ప్రాంతపు మిల్లులకు పెట్టుబడి పెట్టి, అచటి సరకును దేశదేశములకు అమ్మి లాభము గడించినవారు.

1672లో ఫ్రెంచి సేనలు హాలెండుపై దండెత్తగా, ఆ దేశపు వెలూవే సీమలోని కాగితపు పనివారు పలువురు జాన్ నదీప్రాంతమునకు వలసపోయిరి. అచట గాలిమరల బలముతో, కత్తులు పొదిగిన చక్రముచే పేలికలను నలుగగొట్టు నూతనయంత్రము వాడుకలోనికి వచ్చెను. 1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంటుల మతస్వాతంత్ర్యమును రద్దుచేయగా అచటి నిపుణులు హాలెండునకును, ఇంగ్లండునకును శరణార్థులై చేరిరి. ఇట్లు పరుల సరకు నమ్ముచుండిన డచ్చివారు తామే ఉత్పాదకులై, ఆంగ్లేయులకు సైతము కాగితము నమ్మిరి.

ఇంగ్లండు మఱియొక త్రోవ ద్రొక్కెను. 1712లో స్వదేశపు కాగితముపై సుంకము విధించియు, దిగుమతులపై అంతకంటె భారమైన సుంకము మోపుటచే, అచటి మిల్లులు పోటీకి వెఱవక పెరిగెను. 1757 నాటికి జేమ్సు వాట్మను గీతలులేని నునుపైన కాగితమును సిద్ధపఱచెను. ఆ శతాబ్దాంతమునకు దిగుమతులు స్వల్పమయ్యెను. ఫ్రాన్సున రాబర్టు అనునతడు కల్పించిన కాగితపు యంత్రము 1803లో ఇంగ్లండునందే సఫలమయ్యెను. హస్తకౌశలమును నమ్ముకొన్న డచ్చివారు దానిని ఆలస్యముగా గైకొనిరి.

1795లో పులికాటును బట్టుకొన్న ఆంగ్లేయులు 1818లో మరల ఇచ్చివేసినను, 1825లో అది శాశ్వతముగ వారి వశమయ్యెను. అప్పటికే చెన్నపట్టణమున క్యాంబెల్ దొర రచించిన తెనుగు వ్యాకరణము 1816లో అచ్చుపడియుండెను. పిమ్మట తెనుగు భాషాభిమాని యగు బ్రౌను దొర తాళపత్రగ్రంథములను కాగితముపై వ్రాయించెను. కాని విజేతకును పరాధీనత తప్పలేదు: 1861లో కాగితపు సుంకము తొలగి వాడుక హెచ్చగా, పేలికలు చాలక, ఇంగ్లండు స్పెయిను, అల్జీరియాల గడ్డిని, అటుపిమ్మట ఉత్తరైరోపా దేశముల కొయ్యగుజ్జును దెచ్చుకొనవలసి వచ్చెను.

ఇంగ్లండు తనకై నాడు వాడుకొన్న సుంకపు రక్షణమే 1925 నాటి చట్టముచే మన వెదురు కాగితమునకును లభించినది. రాజమహేంద్రవరపు మిల్లును, సిర్పూరు మిల్లును అట్టి వెదురునే ముడిపదార్థముగ గైకొనినవి. అడవులు గలిగినంతమాత్రమున ఏ దేశమును ఈ వర్తకమున నిలువజాలదు. రక్షణము దొరకిన కాలమున పనితనమును, యంత్రమును అభ్యసించిన దేశమే నిలుచునని ఈ రెండు కోటల చరిత్రము నిరూపించుచున్నది.