పాపికొండల బోటు ఎవరి వీధి మీద వెళ్తోంది?

పాపికొండల రీల్స్ మీ ఫీడ్‌లోకీ వచ్చే ఉంటాయి. రెండు వైపులా కొండలు, మధ్యలో గోదావరి, బోటు మీద డ్యాన్సులు. నేనూ అవి చూసే వెళ్ళాను. అక్కడ ఒక డౌట్ వచ్చింది. మా నాన్నగారి రోజుల్లో పోలవరం, పట్టిసీమ రేవుల్లోనే బోటు ఎక్కేసేవారట. మరి మేం ఎగువన గండి పోచమ్మ గుడి దాకా ఎందుకు రావాల్సి వచ్చింది?

ఎందుకంటే మధ్యలో ప్రాజెక్టు ఉంది. 2021 జూన్‌లో గోదావరిని 48 గేట్ల స్పిల్‌వే వైపు మళ్ళించారు. పాత దారికి అడ్డంగా కాఫర్ డ్యామ్, అంటే అసలు డ్యామ్ కట్టుకోవడానికి ముందు వేసే గట్టు, లేచింది. ఇక కింది నుంచి బోటు పైకి రాదు.

ఈ ఆలోచన ఇప్పటిది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ 1941లోనే అనుకుంది. నీళ్ళు భద్రాచలం రాముడి పాదాల దాకా వస్తాయని రామపాదసాగర్ అన్నారు. పేరు భలే ఉంది కదా? దశాబ్దాలు కాగితాల మీదే ఉండిపోయి, 2014 విభజన చట్టంతో జాతీయ ప్రాజెక్టు అయింది.

దేవీపట్నం దగ్గరికి వచ్చేసరికి టీ ఇచ్చే ఆయన నా పక్కన నిలబడ్డారు. "ఇక్కడే అండి మా ఊరు. ఇప్పుడు మనం మా వీధి మీద వెళ్తన్నాం" అన్నారు. నేను కెమెరా పెట్టి చూస్తే నీళ్ళే.

ఇక్కడ రెండు నంబర్లు తెలియాలి: 41.15, 45.72. ఇవి డ్యామ్ ఎత్తు కాదు, సముద్ర మట్టం నుంచి నీటి మట్టం, మీటర్లలో. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఫేజ్ వన్, ఫేజ్ టూ. తేడా 15 అడుగులే. కానీ మీ ఇల్లు ఏ గీత కింద ఉందన్నదాన్ని బట్టి మీ పునరావాసం ముందో తర్వాతో తేలుతుంది. పక్కపక్క ఊళ్ళు వేరే లిస్టుల్లో పడతాయి. వరదకి ఆ గీతలు తెలీవు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కూనవరం, వీఆర్ పురం మండలాల జనం ఇళ్ళు వదిలి కొండలెక్కారు. సాఫ్ట్‌వేర్‌లో ఫేజ్ టూ లేటైతే క్లయింట్ తిడతాడు, అంతే.

టీ ఆయన మాట రికార్డయింది గానీ, వెనకాల బోటు పాటలో సరిగ్గా వినపడట్లేదు. అందుకే వీడియోలో కింద అక్షరాల్లో వేశాను.