ఆఫ్రికాలో అకౌంట్స్ ఉద్యోగం: ఆఫర్ లెటర్‌పై సంతకం పెట్టే ముందు ఏం చూడాలి?

నెలకు 60 లక్షల జీతం, ఉండటానికి ఫ్లాట్, ఏడాదికోసారి ఇంటికి రావడానికి విమాన టికెట్. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ నుంచి అకౌంట్స్ మేనేజర్ పోస్టుకు ఇలాంటి ఆఫర్ వస్తే ముందుగా కళ్లు పడేది ఆ అంకె మీదే. కానీ అది రూపాయల్లో కాదు, టాంజానియా షిల్లింగుల్లో. పన్ను, పింఛను కోతలు పోగా చేతికి వచ్చేది 40 లక్షల షిల్లింగులు కూడా ఉండదు.

సీఏ, సీఎంఏ చదివినవారికి, బీకాం తర్వాత ట్యాలీ, ఆడిట్ పనిలో నాలుగైదేళ్లు గడిపినవారికి టాంజానియా, కెన్యా, ఉగాండా, జాంబియా, నైజీరియాల నుంచి ఆఫర్లు వస్తుంటాయి. చాలా దేశాల్లో ఐఎఫ్‌ఆర్‌ఎస్ ప్రకారమే లెక్కలు రాస్తారు. చిన్న వయసులోనే పెద్ద బాధ్యత దొరుకుతుంది. వెళ్లి బాగుపడ్డవారు ఎందరో ఉన్నారు. అయితే మీ కాంట్రాక్టును మీ తరఫున తనిఖీ చేసేవారు ఎవరూ ఉండరు. ఆ పని మీరే చేసుకోవాలి. ఎలాగో టాంజానియా ఉదాహరణగా చూద్దాం.

ప్రభుత్వం కాంట్రాక్టును పరిశీలించదా?

చాలా సందర్భాల్లో పరిశీలించదు. పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టు ఈసీఎన్‌ఆర్ కోవలోకి వస్తుంది. అంటే విదేశీ ఉద్యోగానికి వెళ్లేందుకు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి అక్కర్లేదు. ఆ అనుమతి తప్పనిసరైన ఈసీఆర్ పాస్‌పోర్టుదారులకైనా అది 18 దేశాలకే వర్తిస్తుంది. వాటిలో పశ్చిమాసియా దేశాలు ఎక్కువ. ఆఫ్రికా నుంచి లిబియా, సూడాన్, దక్షిణ సూడాన్ మాత్రమే ఉన్నాయి.

గల్ఫ్‌కు వెళ్లే ఈసీఆర్ కార్మికుడి కాంట్రాక్టు ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఒకసారి అధికారుల కంటపడుతుంది. డిగ్రీ చదివి టాంజానియా వెళ్లే అకౌంటెంట్‌కు ఆ వడపోత లేదు. చదువు ఇచ్చిన వెసులుబాటే ఇక్కడ రక్షణను తగ్గిస్తోంది.

ఏజెంటును, కంపెనీని ఎలా తనిఖీ చేయాలి?

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు ఎవరైనా 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంటుంది. పేరుతో పాటు లైసెన్స్ నంబరు, గడువు కూడా చూడండి. అభ్యర్థి నుంచి సర్వీస్ చార్జీగా తీసుకోగలిగేది గరిష్ఠంగా రూ.30,000, దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం రూ.35,400. అంతకుమించి అడిగినా, రసీదు ఇవ్వనన్నా అక్కడితో ఆపేయడం మంచిది.

టాంజానియా కంపెనీల రిజిస్ట్రేషన్ చూసే సంస్థ బ్రెలా. దాని ఆన్‌లైన్ వ్యవస్థలో కంపెనీ పేరు వెతకవచ్చు. ఆఫర్ లెటర్‌పై ఉన్న పేరు, రిజిస్టరైన పేరు ఒకటేనా? మెయిల్ కంపెనీ డొమైన్ నుంచి వచ్చిందా, ఉచిత ఖాతా నుంచా? ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న ఒక భారతీయ ఉద్యోగితో మాట్లాడించమని అడగండి. నిజమైన కంపెనీ దీనికి వెనకాడదు. మీరు సీఏ అయితే తూర్పు ఆఫ్రికా నగరాల్లోని ఐసీఏఐ చాప్టర్ల ద్వారా కూడా ఆరా తీయవచ్చు.

ఇంటర్వ్యూ నామమాత్రంగా జరిగి, ‘ఫైనాన్స్ ఎగ్జిక్యూటివ్’, ‘క్రిప్టో సేల్స్’ లాంటి హోదాతో కంబోడియా, లావోస్, మయన్మార్, థాయిలాండ్ ఆఫర్ వస్తే మరింత అప్రమత్తంగా ఉండాలి. ఇలాంటి ఉద్యోగాల పేరుతో సైబర్ మోసాల శిబిరాలకు తరలిస్తున్నారని విదేశాంగ శాఖ పలుమార్లు హెచ్చరించింది. తెలుగు యువకులు కూడా వీటిలో చిక్కుకున్నారు.

60 లక్షల్లో చేతికి వచ్చేదెంత?

టాంజానియాలో నెల జీతంపై పన్నును కంపెనీయే మినహాయిస్తుంది. నెలకు 2.7 లక్షల షిల్లింగుల వరకు పన్ను లేదు. ఆ తర్వాత శ్లాబులు 8, 20, 25 శాతం. 10 లక్షలు దాటిన మొత్తంపై 30 శాతం. దీనికి ముందే సామాజిక భద్రతా నిధి ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్‌కు ఉద్యోగి వాటాగా సాధారణంగా 10 శాతం పోతుంది.

లెక్క ఇలా ఉంటుంది:

• గ్రాస్ జీతం: 60,00,000 షిల్లింగులు
• ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ 10 శాతం: 6,00,000
• పన్ను పడే మొత్తం: 54,00,000
• పన్ను: మొదటి 10 లక్షలపై 1,28,000, మిగతా 44 లక్షలపై 13,20,000. మొత్తం 14,48,000
• చేతికి వచ్చేది: 39,52,000

రూపాయికి 28 షిల్లింగుల చొప్పున లెక్కిస్తే గ్రాస్ సుమారు రూ.2.14 లక్షలు, చేతికి వచ్చేది సుమారు రూ.1.41 లక్షలు. నెలకు రూ.73 వేల తేడా. అందుకే ఆఫర్‌లోని అంకె గ్రాసా, నెట్టా అన్నది మొదటి ప్రశ్న. చాలా కంపెనీలు విదేశీ సిబ్బందికి నెట్ జీతం హామీ ఇచ్చి పన్ను తామే కడతాయి. ఆ మాట కాంట్రాక్టులో ఉండాలి. కంపెనీ ఇచ్చే ఫ్లాట్, కారు కూడా పన్ను లెక్కలోకి రావచ్చు. ఆ భారం ఎవరిదో అడగండి.

ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్‌లో మరో మెలిక ఉంది. భారత్‌కు జర్మనీ, జపాన్ లాంటి దేశాలతో సామాజిక భద్రతా ఒప్పందాలున్నాయి, టాంజానియాతో లేదు. అక్కడ జమైన కాలం ఇక్కడి ఈపీఎఫ్ సర్వీసుకు కలవదు. ఉద్యోగం వదిలి వచ్చేటప్పుడు ఆ డబ్బు తిరిగి తీసుకునే విధానాన్ని చేరే ముందే హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగాలి.

పోలిక కూడా సరిగ్గా ఉండాలి. ఇక్కడి జీతంతో అక్కడి జీతాన్ని కాదు, ఇక్కడి మిగులుతో అక్కడి మిగులును పోల్చండి. అక్కడ చేతికి వచ్చే దాంట్లోంచి అక్కడి ఖర్చు, ఇక్కడ ఇంటికి పంపాల్సినది, ఈఎంఐలు తీసేయండి. ఇక్కడ కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ ఆగిపోతాయని కూడా గుర్తుంచుకోండి.

జీతం ఏ కరెన్సీలో?

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో నైజీరియా చూపించింది. 2023 జూన్‌లో ఆ దేశ కేంద్ర బ్యాంకు మారకపు రేటుపై నియంత్రణ సడలించింది. అప్పటికి డాలరుకు సుమారు 460 నైరాలు. కొద్ది వారాల్లోనే 750 దాటింది. 2024 ఫిబ్రవరి నాటికి 1,500కు చేరింది. నెలకు 10 లక్షల నైరాల జీతం ఉన్న ఉద్యోగికి మొదట దాని విలువ సుమారు 2,170 డాలర్లు. ఎనిమిది నెలల తర్వాత అదే జీతం 670 డాలర్లు. ప్రమోషన్ పోలేదు, జీతం కోత పడలేదు. అయినా ఇంటికి పంపగలిగేది మూడో వంతు కంటే తగ్గింది.

డాలరు జీతం అన్నంత మాత్రాన సరిపోదు. నిజంగా డాలర్లలో చెల్లిస్తారా, డాలరు విలువకు సమానమైన స్థానిక కరెన్సీ ఇస్తారా? రెండోదైతే ఏ రోజు రేటు, ఏ బ్యాంకు రేటు? టాంజానియాలో 2025 మార్చిలో వచ్చిన నిబంధనలు దేశంలోపల సరుకులు, సేవల ధరలను విదేశీ కరెన్సీలో చెప్పడాన్ని, వసూలు చేయడాన్ని నిషేధించాయి. కాబట్టి చెల్లింపు విధానాన్ని కంపెనీ స్పష్టంగా రాసివ్వాలి. జీతంలో కొంత భాగాన్ని నేరుగా భారత్‌లోని ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు పంపే ఏర్పాటు ఉంటే మేలు.

వర్క్ పర్మిట్ ఎవరు తీసుకోవాలి?

కంపెనీయే తీసుకోవాలి, ఖర్చూ దానిదే కావాలి. టాంజానియాలో రెండు పత్రాలు కావాలి. ఒకటి లేబర్ కమిషనర్ ఇచ్చే వర్క్ పర్మిట్. రెండోది ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే క్లాస్ బి రెసిడెన్స్ పర్మిట్. “ముందు టూరిస్ట్ వీసాపై వచ్చేయండి, ఇక్కడికొచ్చాక చూసుకుందాం” అంటే ఒప్పుకోవద్దు. టూరిస్ట్ వీసాపై పనిచేయడం నేరం. పట్టుబడితే బయటకు పంపేది మిమ్మల్ని.

విదేశీయుల ఉద్యోగాలపై 2015లో టాంజానియా తెచ్చిన చట్టం ప్రకారం, మీ స్థానంలోకి స్థానికులను తయారు చేసే ప్రణాళికను కంపెనీ చూపాలి. అంటే మీ పోస్టు చట్టం దృష్టిలో తాత్కాలికం. పర్మిట్ ఆ కంపెనీకే ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే అక్కడే మరోచోట చేరడం అంత తేలిక కాదు. అకౌంటెంట్లకు వృత్తి సంస్థ ఎన్‌బీఏఏ నిబంధనలు కూడా ఉన్నాయి, మీ హోదాకు ఏ నమోదు కావాలో తెలుసుకోండి. జీవిత భాగస్వామి డిపెండెంట్‌గా వస్తే సొంత పర్మిట్ లేకుండా ఉద్యోగం చేయలేరు.

మీ సంతకం ఎక్కడ పడుతుంది?

ఫైనాన్స్ ఉద్యోగాన్ని మిగతా ఉద్యోగాల నుంచి వేరు చేసేది ఇదే. పన్ను రిటర్నులు, దిగుమతి పత్రాలు, బ్యాంకు చెల్లింపులపై సంతకం అకౌంట్స్ మేనేజర్‌దే కావచ్చు. కంపెనీకి పన్ను అధికారులతో వివాదం వస్తే యజమాని దేశంలో లేకపోయినా, సంతకం పెట్టిన మనిషి అక్కడే ఉంటాడు.

• డైరెక్టరుగా, కంపెనీ సెక్రటరీగా పేరు పెట్టించుకోవద్దు.
• బ్యాంకు ఖాతాలో ఒక్కరే సంతకందారుగా ఉండొద్దు. పరిమితిని రాతపూర్వకంగా తీసుకోండి.
• చేరిన రోజు పెండింగ్ పన్నులు, ఆడిట్ అభ్యంతరాల జాబితాతో హ్యాండోవర్ పత్రం తీసుకోండి. వదిలే రోజు మీరూ అలాంటిదే ఇచ్చి సంతకం చేయించుకోండి.
• రెండు రకాల లెక్కలు రాయమంటే అది జీతంతో సరిపెట్టుకునే విషయం కాదు.
• పాస్‌పోర్టును కంపెనీ దగ్గర ఉంచొద్దు. చట్టప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి.

ఇక్కడ పన్ను కట్టాలా?

బయలుదేరే తేదీపై ఆధారపడి ఉంటుంది. ఉద్యోగం కోసం విదేశానికి వెళ్లే భారతీయ పౌరుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజుల కంటే తక్కువ ఇక్కడ ఉంటే ఎన్‌ఆర్‌ఐ అవుతారు. అప్పుడు అక్కడ పనిచేసి, అక్కడే అందుకున్న జీతంపై ఇక్కడ పన్ను ఉండదు. ఏప్రిల్ 1 నుంచి ఇక్కడే ఉన్నవారు సెప్టెంబరు 28లోగా బయలుదేరితే, మధ్యలో తిరిగి రాకపోతే ఈ షరతు నెరవేరుతుంది. నవంబరులో వెళ్తే ఆ ఏడాదికి రెసిడెంటే. అక్కడి జీతాన్నీ ఇక్కడి రిటర్నులో చూపాలి. భారత్, టాంజానియా మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉంది కాబట్టి అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ కోరవచ్చు. దీనికి అక్కడి పన్ను చెల్లింపు రుజువులు దాచుకోవాలి. వెళ్లాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి.

ఆరోగ్యం సంగతేంటి?

ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశాల నుంచి సర్టిఫికెట్ లేకుండా భారత్‌కు తిరిగొస్తే క్వారంటైన్‌లో ఉంచవచ్చు. మలేరియా ముప్పు ఉంటుంది, వైద్యుడి సలహా తీసుకోండి. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కుటుంబానికీ వర్తిస్తుందా, అత్యవసరమైతే వేరే దేశానికి తరలించే ఖర్చు భరిస్తుందా చూడండి.

కష్టం వస్తే ఎవరిని అడగాలి?

దార్ ఎస్ సలామ్‌లో భారత హైకమిషన్ ఉంది. చేరిన వారంలోనే అక్కడ వివరాలు నమోదు చేసుకోండి. జీతం ఆపినా, పాస్‌పోర్టు లాక్కున్నా విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు చేయవచ్చు. భారత్ నుంచి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. తీవ్ర ఇబ్బందుల్లో ఉన్నవారికి న్యాయ సహాయం, తిరుగు టికెట్ కోసం భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. అయితే హైకమిషన్ కోర్టులో మీ తరఫున వాదించదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని సంప్రదించవచ్చు.

ఒప్పుకునే ముందు మెయిల్‌లో అడగాల్సినవి

1. జీతం గ్రాసా, నెట్టా? ఏ కరెన్సీలో, ఏ రేటుకు?
2. వర్క్ పర్మిట్ కాపీ ప్రయాణానికి ముందే పంపుతారా?
3. నోటీసు కాలం ఎంత? మధ్యలో తీసేస్తే తిరుగు టికెట్ ఎవరిది?
4. ఏయే పత్రాలపై నేను సంతకం చేయాలి?
5. బీమా ఎవరెవరికి, ఎంత వరకు?

ఫోన్‌లో చెప్పిన హామీలు మారకపు రేటు పడిపోయిన రోజో, యజమాని మారిన రోజో ఎవరికీ గుర్తుండవు. ఈ ఐదింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చాకే ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వండి.