కుఫ్ర్ హద్దులు: చరిత్ర నేర్పే జాగ్రత్త

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే అంకితం. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



ఒక ముస్లిమును గురించి పలకగలిగే మాటల్లో ‘కాఫిర్’ అన్నదానికి మించిన బరువైన మాట మరొకటి లేదు. ధర్మశాస్త్రం ప్రకారం ఆ మాట ఒకరికి నిజంగా వర్తిస్తే అతని నికాహ్ నిలవదు, ముస్లిము బంధువుల ఆస్తిలో వారసత్వం ఉండదు, మరణించినప్పుడు జనాజా నమాజు ఉండదు, ముస్లిముల ఖబరస్తానులో చోటు కూడా ఉండదు. ఇంతటి పరిణామాలు గల మాట నేడు మహల్లాల్లోని వాగ్వాదాల్లో, ఫోను తెరలపై, ఒక్కొక్కప్పుడు మింబరుపై నుంచి కూడా తేలికగా వెలువడుతోంది. ఈ మాట విషయంలో మన పూర్వీకులు ఎలా మెలిగారో, అది అదుపు తప్పినప్పుడు ఉమ్మత్ ఎంత మూల్యం చెల్లించిందో ఈ జుమా రోజున పరిశీలిద్దాం.

మొదట పదాన్ని చూద్దాం. అరబీ భాషలో ‘కుఫ్ర్’ ధాతువుకు మూలార్థం కప్పివేయడం. విత్తనాన్ని మట్టితో కప్పుతాడు గనుక రైతును కూడా ఆ భాషలో ఇదే ధాతువుతో పిలిచేవారు. హదీద్ సూరా 20వ ఆయతులో ఈ పదం సేద్యగాండ్ర అర్థంలోనే వచ్చిందని అనేకమంది వ్యాఖ్యాతలు వివరించారు. పాపాన్ని కప్పే పరిహారాన్ని ‘కఫ్ఫారా’ అనడం కూడా ఇందువల్లనే. దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల కుఫ్ర్‌ను కృతజ్ఞతకు వ్యతిరేక పదంగా ప్రయోగించింది. పొందిన మేలును కప్పిపుచ్చడం కృతఘ్నత. తెలిసిన సత్యాన్ని కప్పిపుచ్చడం తిరస్కారం. అంటే ఈ పదం ఒక జాతికో, ఒక ప్రాంతపు ప్రజలకో పెట్టిన పేరు కాదు. మనిషి హృదయం సత్యం పట్ల అవలంబించే వైఖరికి పెట్టిన పేరు. హృదయానికి సంబంధించిన విషయం కనుకనే దానిపై తీర్పు చెప్పడం మనుషులకు అంత కష్టమైంది.

దైవప్రవక్త (సఅసం) కాలంలోనే ఈ పాఠం ఎదురైంది. ఒక సైనిక చర్యలో హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)కి ఒక శత్రువు చిక్కాడు. కత్తి ఎత్తగానే అతడు కలిమా పలికాడు. ప్రాణభయంతో పలికాడని భావించి ఉసామా (రజి) అతణ్ణి సంహరించారు. వార్త చేరినప్పుడు ప్రవక్త (సఅసం) తీవ్రంగా కలత చెందారు. అతని హృదయాన్ని చీల్చి చూశావా అని నిలదీశారు. ఆ ప్రశ్న ఎన్నిసార్లు మందలింపుగా ఎదురైందంటే, తాను ఆ రోజే ఇస్లాం స్వీకరించి ఉంటే బాగుండునని ఉసామా (రజి) కుమిలిపోయారు. సలాము చేసినవాణ్ణి ప్రాపంచిక లాభం కోసం విశ్వాసి కాదనవద్దని నిసా సూరా 94వ ఆయతు ఆదేశిస్తోంది. తోటి సోదరుణ్ణి కాఫిర్ అని పిలిస్తే ఆ మాట ఇద్దరిలో ఎవరో ఒకరిపై తప్పక వాలుతుందని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని హదీసు హెచ్చరిస్తోంది. అనర్హునిపై వేసిన ముద్ర వేసినవాని వైపే మరలుతుందన్నమాట.

అయితే హద్దే లేదని దీని అర్థం కాదు. క్రీ.శ. 632లో ప్రవక్త (సఅసం) పరమపదించిన తరువాత ముసైలమా వంటివారు ప్రవక్తలమని చెప్పుకున్నారు. మరికొన్ని తెగలు నమాజును ఒప్పుకుంటూనే జకాత్ చెల్లించడానికి నిరాకరించాయి. కలిమా పలికేవారితో యుద్ధం ఎలా చేస్తామని హజ్రత్ ఉమర్ (రజి) సందేహించారు. నమాజుకూ జకాత్‌కూ మధ్య భేదం కల్పించేవారిని ఎదుర్కొని తీరుతానని హజ్రత్ అబూబక్ర్ (రజి) బదులిచ్చారు. చివరకు ఉమర్ (రజి) కూడా ఆ నిర్ణయంతో ఏకీభవించారు. ధర్మంలో అందరికీ నిస్సందేహంగా తెలిసిన మూల విధులను త్రోసిపుచ్చడం మామూలు పాపం వంటిది కాదని పండితులు తరువాతి కాలంలో సూత్రీకరించారు. అదే సమయంలో ఒక ముఖ్యాంశం గమనించాలి. ఆ రోజు నిర్ణయం బాధ్యత గల నాయకత్వం సంప్రదింపుల తరువాత తీసుకున్నది. వీధిలో ఒకడు ఆవేశంతో అన్న మాట కాదు.

సోదరులారా! ఆ మాట వీధిలోకి వచ్చినప్పుడు ఏమైందో ఖవారిజ్ చరిత్ర చెబుతోంది. 657లో సిఫ్ఫీన్ యుద్ధం మధ్యవర్తిత్వానికి దారితీసింది. తీర్పు అల్లాహ్‌కే చెందుతుంది గనుక మనుషులను మధ్యవర్తులుగా అంగీకరించడమే కుఫ్ర్ అని హజ్రత్ అలీ (రజి) సైన్యంలోని ఒక వర్గం విడిపోయింది. మాట సత్యమైనదే గాని దాని వెనుక ఉద్దేశం అసత్యమైనదని అలీ (రజి) వ్యాఖ్యానించారు. ఈ వర్గీయులు రాత్రంతా నమాజులో గడిపేవారు, ఖుర్ఆన్ పారాయణంలో మునిగి ఉండేవారు. అయినా దారిలో కనిపించిన ప్రవక్త సహచరుని కుమారుడు అబ్దుల్లాహ్ బిన్ ఖబ్బాబ్‌ను, గర్భవతి అయిన ఆయన భార్యను చంపారు. అంతకు కొద్దిసేపటి ముందే, చెట్టు కింద రాలిన ఖర్జూర పండును యజమాని అనుమతి లేకుండా నోట పెట్టుకున్న తమ సహచరుని చేత దాన్ని ఉమ్మివేయించారని చరిత్రకారులు నమోదు చేశారు. పండు విషయంలో అంత భీతి, ప్రాణం విషయంలో ఇంత నిర్లక్ష్యం! ఎదుటివాడు కాఫిర్ అని ఒకసారి తేల్చుకున్నాక మనస్సాక్షి ఎలా మొద్దుబారుతుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదంతం దొరకదు.

వారిపట్ల అలీ (రజి) అనుసరించిన పద్ధతి మనకు ఆదర్శం. మొదట హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి)ను చర్చలకు పంపారు. ఆయన ఖుర్ఆన్ ఆధారాలతో వాదించగా అనేకులు తిరిగివచ్చారు. మిగిలినవారిని మస్జిదులకు రాకుండా ఆపబోమని, వారు తలపడనంత వరకు యుద్ధం మొదలుపెట్టబోమని అలీ (రజి) ప్రకటించారు. రక్తపాతం జరిగాకనే 658లో నహ్రవాన్ వద్ద వారితో పోరాడారు. వారు ముష్రికులా అని కొందరు అడిగితే, షిర్క్ నుంచే కదా వారు పారిపోయిందని, వారు మనపై తిరుగుబాటు చేసిన సోదరులని ఆయన బదులిచ్చినట్లు ఉల్లేఖనాలున్నాయి. తనను కాఫిర్ అన్నవారిని సైతం ఆయన కాఫిర్ అనలేదు. 661లో కూఫా నగరంలో ఆ వర్గానికే చెందిన ఇబ్నె ముల్జిమ్ చేతిలో ఆయన షహీద్ అయ్యారు.

ఈ గాయం నుంచే ఒక ప్రశ్న పుట్టింది: ఘోర పాపం చేసిన ముస్లిము విశ్వాసిగా మిగులుతాడా? మిగలడని ఖవారిజ్ అన్నారు. అతని వ్యవహారాన్ని అల్లాహ్ తీర్పుకు వదలాలని ముర్జియా వర్గం చెప్పింది. బస్రాలో వాసిల్ బిన్ అతా (మరణం 748) అతడు విశ్వాసీ కాడు, అవిశ్వాసీ కాడు, రెంటికీ నడిమి స్థానంలో ఉన్నాడని వాదించాడు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై, మరణం 767) సంప్రదాయం మాత్రం ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసేవారిలో ఎవరినీ కేవలం పాపం కారణంగా కాఫిర్ అనరాదని, పాపాన్ని ధర్మసమ్మతమని నమ్మితేనే సంగతి వేరని నిర్ణయించింది. ఇమామ్ తహావీ (రహ్మలై, మరణం 933) దీన్నే తన అఖీదా గ్రంథంలో పొందుపరిచారు. అదే అహ్లె సున్నత్ ఉమ్మడి మార్గమైంది.

పాలకుని చేతికి ఈ ఆయుధం చిక్కితే ఏమవుతుందో 833లో తెలిసింది. ఖుర్ఆన్ సృష్టించబడినదని ఒప్పుకోవాలని ఖలీఫా మామూన్ పండితులను విచారణకు గురిచేశాడు. ఒప్పుకోని ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) చెరసాల పాలయ్యారు. మామూన్ తరువాత వచ్చిన ముఅ్‌తసిమ్ కాలంలో కొరడా దెబ్బలు తిన్నారు. ఆ సిద్ధాంతాన్ని ఇమామ్ కుఫ్ర్‌గానే పరిగణించారు. అయినా తనను హింసించిన పాలకుని క్షమించారు. సిద్ధాంతంపై తీర్పు వేరు, వ్యక్తిపై తీర్పు వేరు అన్న సూత్రానికి ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మలై, మరణం 1328) ఈ ఘటననే నిదర్శనంగా చూపారు. ఒక మాట కుఫ్ర్ కావచ్చు, అన్నవాడు అజ్ఞానం వల్లనో, పొరపాటు వ్యాఖ్యానం వల్లనో, నిర్బంధం వల్లనో అని ఉండవచ్చు. ఆ అడ్డంకులన్నీ తొలగి, ప్రమాణం స్పష్టమయ్యే వరకు వ్యక్తిపై తీర్పు చెల్లదు.

ఇమామ్ గజాలీ (రహ్మలై, 1058–1111) ఈ హద్దును నిర్వచించడానికే ‘ఫైసల్ అత్తఫ్రిఖా’ అనే గ్రంథం రచించారు. ప్రవక్త (సఅసం) తెచ్చిన దానిలో దేనినైనా అబద్ధమనడమే కుఫ్ర్ అని, వ్యాఖ్యాన భేదం మాత్రమే ఉన్నప్పుడు తొందరపడరాదని వివరించారు. ఆయనే తన మరో గ్రంథంలో తత్త్వవేత్తలను మూడు విషయాల్లో కుఫ్ర్‌కు పాల్పడినవారిగా పేర్కొన్నారు. దానిపై ఇబ్నె రుష్ద్ (మరణం 1198) తీవ్రంగా ప్రతివాదం చేశారు. అంటే అంత జాగ్రత్త చెప్పిన మహా పండితుని తీర్పు కూడా వివాదాతీతం కాలేదు. వేయిమంది అవిశ్వాసులను విడిచిపెట్టడంలో పొరబడటం, ఒక ముస్లిము రక్తాన్ని కొద్దిగానైనా చిందించడంలో పొరబడటం కంటే తేలికైనదని గజాలీ హెచ్చరించారు. ముస్లిమేతరుల విషయంలోనూ ఆయన విచక్షణ చూపారు. ప్రవక్త (సఅసం) పేరే విననివారు, ఆయనను గురించి వక్రీకరించిన కథలే విన్నవారు అల్లాహ్ వద్ద క్షమార్హులని రాశారు. ఈ మాట మన భుజాలపై ఒక భారం మోపుతోంది. మన పొరుగువారు ఇస్లాంను మన నడవడిలోనే చూస్తారు. మన వ్యాపారంలో మోసం, మన నాలుకపై దూషణ కనిపిస్తే వారికి సత్యాన్ని కప్పిపెట్టినవారం ఎవరమవుతాం? ఆ పదాన్ని వారిపై తిట్టుగా విసరే ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుందాం.

ఇటీవలి కాలంలో 2005 జులైలో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో సమావేశమైన పండితులు నాలుగు సున్నీ మజ్‌హబులతో పాటు జాఫరీ, జైదీ, ఇబాదీ, జాహిరీ మజ్‌హబులను అనుసరించేవారిని కూడా ముస్లిములుగా గుర్తించి, వారిపై తక్ఫీర్ చెల్లదని ప్రకటించారు. ఇందులో ఇబాదీల పేరు ఆలోచింపజేస్తుంది. వారి మూలాలు నాడు అలీ (రజి) నుంచి విడిపోయిన వర్గంలోనే ఉన్నాయి. అయితే వారు తీవ్రవాదుల మార్గాన్ని విడనాడి, పాపి చేసేది కృతఘ్నత అనే అర్థంలో కుఫ్ర్ మాత్రమేనని, అతనితో వివాహ, వారసత్వ సంబంధాలు తెగవని నిర్ణయించారు. పదపు మూలార్థమే వారికి నెత్తురు నుంచి బయటపడే దారి చూపింది.

సోదరులారా! ఈ చరిత్ర నుంచి మనం గ్రహించవలసినవి మూడు. కుఫ్ర్‌కు హద్దు ఉంది, దాన్ని చెరిపే అధికారం మనకు లేదు. తప్పును తప్పని చెప్పడం మన బాధ్యత, కాని చేసినవాణ్ణి ధర్మం నుంచి వెలివేయడం మన పని కాదు. సందేహం కలిగితే యోగ్యులైన ఉలమాకు అప్పగించాలి, వారు కూడా భయంతోనే నోరు విప్పాలి. వేరే మస్జిదులో నమాజు చేసేవాని జనాజా మన వీధిన వెళ్తుంటే భుజం పట్టడానికి తటపటాయించవద్దు. అతని హృదయంలో ఏముందో లెక్క తీసేవాడు అల్లాహ్. మన హృదయాల లెక్కకు మనమే జవాబు చెప్పుకోవాలి.

ఓ అల్లాహ్! మా విశ్వాసాన్ని కృతఘ్నత నుంచి, మా నాలుకలను దురన్యాయం నుంచి కాపాడు. మా మధ్య తెగిన బంధాలను కలుపు. ఆమీన్.